గొడ్ల కొట్టానికి పర్మిషన్ ఎవరివ్వాలి, ఎవరిని అడగాలి?

ఈ పోస్టు పొడుగైంది, పనులయ్యాక తీరిగ్గా చదవండి. ఇంటి దొడ్లో గొడ్డు కట్టుకునే ప్రతి ఒక్కరికీ ఇవాళ కాకపోతే రేపు వచ్చే తలనొప్పి ఇది, అందుకని రాస్తున్నా.

దీపావళి తర్వాత ఒక ఆదివారం మా తోడల్లుడి కొడుకు ఇంగ్లాండు నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ఉద్యోగం వాడికి. మాటల్లో మాటగా, వాళ్ళ పక్కింటాయన ఇంటి వెనకాల తోటలో గుర్రానికి కొట్టం కట్టాలనుకుంటున్నాడని, దానికి పర్మిషన్ కావాలా వద్దా అని వారం రోజులుగా రూల్సు చదువుతున్నాడని చెప్పాడు. నేను నవ్వుతాననుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అదే వారం నా చేతిలో కూడా ఒక కాగితం ఉంది. దొడ్లో ఉన్న నా గొడ్ల కొట్టం పదిహేను రోజుల్లో తీసెయ్యాలని నోటీసు.

ముందు నా సంగతి చెప్తా. మాది దుమ్ముగూడెం మండలంలో గోదారి దగ్గరి ఊరు, పేరు ఎందుకులెండి. మూడెకరాల పొలం, ఒక జత ఎద్దులు, రెండు బర్రెలు, ఒక దూడ. మా నాయన కాలం నుంచీ కొట్టం ఇంటి దొడ్లోనే. తాటాకు కప్పు, తాటి దూలాలు, మట్టి గాడి. ఎవరినీ అడిగి కట్టలేదు, ఎవరూ వచ్చి అడగలేదు. ఆ రోజుల్లో కొట్టం లేని ఇల్లు కనబడితేనే అడిగేవాళ్ళు, పాపం ఏమైంది, గొడ్లు అమ్ముకున్నారా అని.

2022 జూలైలో వరదొచ్చింది కదా. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు, దాని మీద ఇంకో పద్దెనిమిది అడుగులు వచ్చింది. ఆ నీళ్ళకు మా పాత కొట్టం దూలాలతో సహా పోయింది. గొడ్లు మాత్రం బతికాయి, ఎట్లా బతికాయో తర్వాత చెప్తా. మరుసటి ఎండాకాలం అప్పు చేసి ఇనుప పైపులు, రేకులు వేసి కొత్తది కట్టాను. పాతది దొడ్డి మధ్యలో పల్లంలో ఉండేది. వరద చూసినవాడిని కాబట్టి ఈసారి దొడ్లో మెరకగా ఉన్న మూలకు జరిపాను. ఆ మూల హద్దు గోడ పక్కన. అప్పుడు గోడ అవతల ఖాళీ జాగా, తుమ్మచెట్లు, పల్లేరు కాయలు.

2024లో ఆ ఖాళీ జాగాలో నాకు తమ్ముడి వరసయ్యే ఒకాయన ఇల్లు కట్టుకున్నాడు. బయట ఉద్యోగం చేసి, ముసలి తల్లిని చూసుకోవడానికి ఊరికి తిరిగొచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు. స్లాబు ఇల్లు, టైల్సు, అన్నీ బాగున్నాయి. వంటింటి కిటికీ మాత్రం సరిగ్గా నా కొట్టం మీదికి పెట్టాడు. పునాది తీసేటప్పుడే చెప్పా, "తమ్ముడూ, కిటికీ అటు పెట్టు, ఇటు గొడ్లుంటాయి" అని. మేస్త్రీ వాస్తు చెప్పాడంట. గొడ్లకు వాస్తు తెలవదు కదా.

పోయిన వానాకాలం గొడవ ముదిరింది. ఈగలు, దోమలు, వాసన, రాత్రిళ్ళు బర్రె అరుపు. మాటా మాటా పెరిగింది. ఆయన పోయి రాతపూర్వకంగా ఇచ్చాడు, నాకు నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా కట్టిన షెడ్డు అట.

సరే, అనుమతి తెచ్చుకుందామని బయలుదేరాను. ఒకచోట, "ఇంటికైతే ఫారం ఉంది, గొడ్ల కొట్టానికి ప్రత్యేకంగా లేదు, ఇంటి ఫారంలోనే పెట్టండి" అన్నారు. ఆ ఫారం చూస్తే ప్లాను కావాలి, జాగా నాదేనన్న కాగితం కావాలి. గ్రామకంఠంలో ఉన్న మన పాత ఇళ్ళకు పట్టా ఎక్కడిది? ఇంటి నంబరు, పన్ను రసీదు, అంతే కదా మన దగ్గరుండేది. ఇంకోచోట, "ఉపాధి హామీలో కట్టుకుని ఉంటే గొడవే లేకపోను, సొంతంగా కట్టారు కాబట్టి పర్మిషన్ కావాలి" అన్నారు. మూడో చోట ఒకాయన పగలబడి నవ్వి, "రేకుల పాకకు పర్మిషన్ ఏంటి పెద్దాయనా, ఇంటికి పో" అన్నాడు. పోదామనుకుంటే బయటికొచ్చాక ఇంకొకతను భుజం మీద చెయ్యేసి, "చూసుకుందాంలే" అన్నాడు. ఆ "చూసుకుందాం" అంటే ఏంటో మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ముగ్గురు మూడు మాటలు, నాలుగో వాడిది బేరం. ఈలోపు నోటీసులో గడువు అయిపోయింది. కూలగొట్టడానికి ఎవరూ రాలేదు, కట్టుకో అని ఎవరూ చెప్పలేదు. కొట్టం అట్లా గాల్లో ఉంది.

మరి రూలు ఏముంది అని నేనే తెలుసుకోవడం మొదలుపెట్టా. ఇంటర్ చదువుతో ఆపేసినా చట్టం చదివితే కొంత అర్థమవుతుంది, కాకపోతే రెండుసార్లు చదవాలి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్ళో కట్టడానికి పంచాయతీ అనుమతి ఉండాలి. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన రూల్సు ప్రకారం 300 చదరపు మీటర్ల లోపు జాగాలో, పది మీటర్ల ఎత్తు లోపు కట్టే ఇంటికి పంచాయతీయే ఇవ్వొచ్చు, పైదైతే పై ఆఫీసు సాంకేతిక అనుమతి కావాలి. అన్నీ ఇల్లు, దుకాణం, లేఅవుటు మనసులో పెట్టుకుని రాసినవే. నాలుగు గొడ్లు కట్టుకునే రేకుల కొట్టాన్ని ఎట్లా చూడాలో అందులో నాకు ఎక్కడా దొరకలేదు.

పట్నాల సంగతి చూడండి. 2020లో టీఎస్ బీపాస్ అని మున్సిపాలిటీలకు చట్టం తెచ్చారు. 75 గజాల లోపు జాగాలో చిన్న ఇల్లు కట్టుకునేవాడికి పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. మంచి పని, కాదనను. నా కొట్టం ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. లెక్కేస్తే 27 గజాలు కూడా లేదు. పట్నంలో మనుషులు ఉండే ఇల్లు రూపాయితో అయిపోతుంటే, పల్లెలో గొడ్లు ఉండే పాక కోసం మూడు ఆఫీసులు తిరగాలా?

ఇప్పుడు ఆ ఇంగ్లాండు గుర్రం దగ్గరికొద్దాం. మా వాణ్ణి మళ్ళీ ఫోన్లో పట్టుకుని రూలేంటో కనుక్కొని చెప్పమన్నా. వాడు చెప్పింది వింటే ఆశ్చర్యమేసింది. అక్కడ ఇంటి వెనకాల తోటలో, ఇంట్లో వాళ్ళ సొంత అవసరానికి పెంచుకునే కోళ్ళు, తేనెటీగలు, జంతువుల కోసం పాక కట్టుకుంటే మామూలుగా దరఖాస్తే అక్కర్లేదట. కాకపోతే కొలతలున్నాయి. ఒక్క అంతస్తే ఉండాలి. చూరు ఎత్తు రెండున్నర మీటర్లు దాటకూడదు. రెండు వాలుల కప్పైతే నడికప్పు నాలుగు మీటర్ల లోపు. హద్దుకు రెండు మీటర్ల దగ్గరగా కడితే మాత్రం మొత్తం ఎత్తే రెండున్నర మీటర్లు మించకూడదు. ఇంటి ముందు వైపు కట్టకూడదు. ఇంటి చుట్టూ జాగాలో సగం కంటే ఎక్కువ పాకలతో నింపకూడదు. గుర్రాలు అద్దెకు తిప్పి వ్యాపారం చేస్తే అది వేరే లెక్క, అప్పుడు దరఖాస్తు పెట్టాల్సిందే.

చూశారా తేడా? అక్కడ గుర్రం సరదాకి. ఇక్కడ ఎద్దు బతకడానికి. సరదా గుర్రానికి ఎన్ని అడుగుల ఎత్తు, హద్దుకు ఎంత దూరం అని రాసిపెట్టారు. బతుకుతెరువు ఎద్దుకు ఎవరూ ఏమీ రాయలేదు. టేపు పట్టుకుని కొలుచుకుంటే తేలిపోయే విషయం, మన దగ్గర మనిషి మొహం చూసి తేలుస్తున్నారు.

మనలో కొందరంటారు, "రూలు లేకపోవడమే మంచిది కదన్నా, మనమే రూలు తెచ్చుకుని మెడకు చుట్టుకోవడం ఎందుకు" అని. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి, నోటీసు వచ్చేదాకా. రూలు లేదంటే స్వేచ్ఛ అని కాదు అన్నా. ఎవడికి కోపమొస్తే వాడి చేతిలో రూలు ఉంటుందని. పక్కోడితో బాగున్నన్నాళ్ళూ కొట్టం ఉంటుంది, మాట తేడా వచ్చిన రోజు అదే కొట్టం అక్రమ కట్టడం అవుతుంది. ఇవాళ నాది. రేపు ఎన్నికల్లో ఎవరికి ఓటేశావని నీ కొట్టం మీదికి రావచ్చు.

ఇక నా తప్పు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ పోస్టు సగం అబద్ధం అవుతుంది.

పెంటకుప్ప. అది నేను గోడకు నాలుగడుగుల్లో వేశాను. పొద్దున్నే పేడ ఎత్తి దూరం మోయడానికి బద్ధకం, నా భార్యకు మోకాళ్ళ నొప్పులు, దగ్గరుంటే ఒక తట్ట విసిరితే అయిపోతుందని. వానాకాలం గొడ్ల ఉచ్చ, పేడనీళ్ళు కలిసి గోడ కింద నుంచి వాళ్ళ బోరు వైపు ఊరాయి. ఆయన తల్లికి ఆయాసం. ఒకరోజు ఆ పెద్దమ్మ గోడ మీదుగా నన్ను పిలిచి, "అయ్యా, మా అత్తగారింట్లోనూ ఇరవై గొడ్లుండేవి, నాకు పేడ వాసన కొత్త కాదు, ఈ ఈగలతోనే అన్నం తినలేకపోతున్నా" అంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. ఆమె అట్లా అనేసరికి నోట మాట రాలేదు. అయినా కుప్ప తీయలేదు, పంతం. వాడు ఫిర్యాదు ఇచ్చాడు కదా, తీసేదేంటి అని.

2022లో గొడ్లకు ముద్దచర్మం జబ్బు దేశమంతా ఎట్లా పాకిందో గుర్తుందా? కుట్టే ఈగలు, దోమలతోనే అది ఒక గొడ్డు నుంచి ఇంకో గొడ్డుకు పోతుందని డాక్టర్లు చెవినిల్లు కట్టుకుని చెప్పారు. ఈగలు పక్కింటి అన్నం మీద వాలితే అది వాళ్ళ బాధ అనుకున్నా. అవే నా బర్రె మీద కూడా వాలుతున్నాయని ఆలోచించలేదు.

పర్మిషన్ తెచ్చుకున్నంత మాత్రాన ఈ సంగతిలో బయటపడతామనుకోకండి. పర్మిషన్ వేరు, న్యూసెన్స్ వేరు. కట్టుకోడానికి అనుమతి ఉన్నా, దాని వల్ల చుట్టుపక్కల జనం ఆరోగ్యానికి ఇబ్బంది అయితే తీసెయ్యమనో, ఆపమనో ఆర్డరు వేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. ముందు సీఆర్‌పీసీలో 133 సెక్షన్ అనేవాళ్ళు, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 152 అయ్యింది. కాబట్టి చేతిలో కాగితం పెట్టుకుని కుప్ప గోడకే వేస్తానంటే కుదరదు.

అట్లాగని, తర్వాత వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్ళు ముందు నుంచీ ఉన్న కొట్టాన్ని తీసెయ్యమనడం న్యాయమా? ఫ్రాన్స్ దేశంలో ఒక సముద్రపు దీవిలో మోరిస్ అని ఒక కోడిపుంజు ఉండేది. తెల్లవారుజామున కూస్తోందని, సెలవులకొచ్చే పొరుగు ఇంటివాళ్ళు కేసు వేశారు. 2019లో కోర్టు పుంజు పక్షానే తీర్పిచ్చింది. 2021 జనవరిలో పల్లెటూళ్ళ శబ్దాలు, వాసనలు కూడా ఆ ప్రాంతపు వారసత్వమేనని అక్కడ చట్టమే చేశారు. 2024లో ఇంకో చట్టం తెచ్చి, ముందు నుంచీ పద్ధతిగా నడుస్తున్న పని మీద తర్వాత వచ్చి చేరినవాడు దావా వెయ్యడానికి లేకుండా చేశారు. అమెరికాలో అయితే యాభై రాష్ట్రాల్లోనూ రైతుకు ఇట్లాంటి రక్షణ చట్టం ఏదో ఒక రూపంలో ఉంది. పద్ధతిగా నడుస్తున్న పని అన్న మాట గుర్తుపెట్టుకోండి. పెంటకుప్ప గోడకు వేసినవాడికి ఏ దేశంలోనూ రక్షణ ఉండదనుకుంటా.

నా కేసులో చిక్కేంటంటే, ముందు ఎవరున్నారన్న ప్రశ్నకు కూడా సూటి జవాబు లేదు. కొట్టం నలభై ఏళ్ళ నుంచీ ఉంది, నిజమే. కానీ ఇప్పుడున్న మూలలో 2023 నుంచే. నేను జరిపింది వరద భయంతో. ఆయన కట్టింది ఆ తర్వాతి ఏడాది. ఇద్దరమూ సగం సగం కరెక్టే.

వరద సంగతి తర్వాత చెప్తానన్నా కదా. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, ఇప్పటికీ అదే పెద్దది. అప్పుడు నాకు పదహారేళ్ళు. అర్ధరాత్రి నీళ్ళు దొడ్లోకి వస్తుంటే మా నాయన అందరికంటే ముందు కొట్టంలోకి పరిగెత్తి పలుపులు కొడవలితో కోసేశాడు. మా అమ్మ బియ్యం మూట కోసం ఏడుస్తుంటే ఆయన, "బియ్యం మళ్ళీ కొనుక్కుంటాం, కట్టేసిన గొడ్డు కళ్ళ ముందు మునిగితే ఈ జన్మకు మర్చిపోలేం" అన్నాడు. మా గొడ్లు ఈదుకుంటూ మెరకకు పోయి మూడో రోజు దొరికాయి. కొందరివి కట్టుగొయ్యకే ఉండిపోయాయి. 2022లో నేనూ అదే చేశా, నీళ్ళు వీధి మొగలో ఉండగానే పలుపులు విప్పి తోలేశాను. పునరావాస కేంద్రానికి మనుషుల్ని తీసుకెళ్ళడానికి ట్రాక్టర్లు వచ్చాయి, గొడ్లను ఏం చెయ్యాలని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే చెప్తున్నా, మన గోదారి ఊళ్ళలో కొట్టం ఎక్కడ కట్టాలన్నది అందం, వాసన, వాస్తు వ్యవహారం మాత్రమే కాదు. మెరక చూడాలి. కొట్టం తీసి పొలం దగ్గర వేసుకో అని సలహా ఇచ్చేవాళ్ళకు కూడా ఇదే జవాబు. నా పొలం ఊరికి రెండు కిలోమీటర్లు, అటు అడవి అంచు. రాత్రిపూట గొడ్ల దగ్గర పడుకునే వయసు నాది కాదు, కాపలా పెట్టే స్తోమత లేదు. దొడ్లో కొట్టం లేకపోతే నాకు గొడ్లు లేవు, అంతే. ఎద్దులు పోతే దున్నకానికి గంటకింత అని ట్రాక్టరుకు పోయాలి. పెంట లేకపోతే ఇంకో రెండు బస్తాల యూరియా. మా వీధిలో నా చిన్నప్పుడు కొట్టం లేని ఇల్లు లేదు, ఇప్పుడు ఐదిళ్ళల్లో ఉన్నాయి. ఇంకో రెండు నోటీసులు వస్తే అవీ ఉండవు.

మరి ఏం చెయ్యాలి? నేననుకునేది ఇది, మీరు వేరే చెప్తే వింటా.

ఈ రూలు పైనుంచి రావాలని ఎదురుచూడొద్దు. మనది షెడ్యూల్డ్ ఏరియా. 1996లో వచ్చిన పెసా చట్టం మన గ్రామసభకు ఒక గౌరవం ఇచ్చింది. ఊరి కట్టుబాట్లను, తగాదాలు తీర్చుకునే మన పాత పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని ఆ చట్టంలోనే రాసి ఉంది. దాన్ని మనం భూముల గొడవలప్పుడు, ఇసుక గొడవలప్పుడు తప్ప గుర్తు చేసుకోం. మన చుట్టుపక్కల కోయ గూడేలు చూడండి, ఇళ్ళు ఎడంఎడంగా ఉంటాయి, ఎవరి దడి వాళ్ళది, కొట్టం ఎక్కడ ఉండాలో ఎవరూ కాగితం మీద రాయలేదు, అయినా ఒకరి గొడ్డు వాసన ఇంకొకరి వంటింట్లోకి పోదు. మాలాగా వీధి కట్టి గోడకు గోడ ఆనించి ఉండే ఊళ్ళకే రాత కావాలి.

2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులు లేక ప్రత్యేకాధికారులతో నడిచింది, మొన్న డిసెంబరు ఎన్నికలతో కొత్త సర్పంచులు వచ్చారు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంకా చెవులు వినబడతాయి, ఇప్పుడే అడగాలి. గ్రామసభలో ఒక తీర్మానం రాయించుకుందాం. ఇంటి వాడకానికి, వ్యవసాయానికి ఉంచుకునే నాలుగైదు గొడ్ల వరకు, 40 గజాల లోపు, ఒకే వరస రేకు గానీ తాటాకు గానీ వేసిన కొట్టానికి పర్మిషన్ అనొద్దు, పంచాయతీకి తెలియజేస్తే చాలనాలి. తెలియజేసినట్టు రసీదు ఇవ్వాలి. జాగా రుజువుగా ఇంటి పన్ను రసీదు సరిపోవాలి.

దానికి బదులు మనమూ కొన్ని ఒప్పుకోవాలి. పక్కింటి వంటింటి కిటికీకి, తాగే నీళ్ళ బావికి, బోరుకు ఇంత దూరం అని అడుగుల్లో రాసుకుందాం. ఎంతన్నది ఊరి జాగాలను బట్టి సభలోనే తేల్చుకోవాలి, ఇరుకు వీధికి ఒక లెక్క, ఖాళీ ఊరికి ఒక లెక్క. పెంటకుప్ప మాత్రం కొట్టంతో కలిపి చూడొద్దు. కొట్టం దొడ్లో ఉండొచ్చు, కుప్ప గోడ దగ్గర ఉండకూడదు. ఉచ్చ కాలువ మన దొడ్డిలోకే వాలాలి, గుంటలో పడి మన చెట్లకే పోవాలి. నేల గట్టిగా చేసి నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఇస్తే నీళ్ళు నిలవవు. బర్రెకు కప్పు కింద సుమారు నలభై మూడు చదరపు అడుగులు, ఆవుకు ముప్పై ఎనిమిది ఉండాలన్నది పశువుల శాఖ వాళ్ళు వాడే లెక్క. అంతకంటే ఇరుకులో కుక్కితే వాసన రాక ఏమొస్తుంది. ఇక ఖాళీ జాగా కొని ఇల్లు కట్టుకునేవాళ్ళు కూడా, పక్కన కొట్టం ఉందని చూసే కొంటున్నాం, కిటికీ ఎటు పెట్టుకోవాలో మా ఇష్టం, తర్వాత తీసెయ్యమనం అని పంచాయతీలో ఒక సంతకం పెడితే సగం తగాదాలు పుట్టవు.

ఇరవై బర్రెల డెయిరీ పెట్టేవాళ్ళు, గొర్రెల మందలు, పందుల షెడ్లు ఈ లెక్కలోకి రావొద్దు. 2017లో గొర్రెల పథకంలో ఇంటికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. వాటిని ఎక్కడ కట్టుకోవాలో అప్పుడెవరూ ఆలోచించలేదు. అట్లాంటివాటికి ఊరి బయట మెరక మీద జాగా చూపించడం పంచాయతీ పని. వరదప్పుడు మా గొడ్లకూ అదే పనికొస్తుంది.

డబ్బు సంగతి. ఉపాధి హామీలో గొడ్ల కొట్టం, మేకల పాక, కోళ్ళ పాక లాంటివి వ్యక్తిగత పనుల కింద ఉండేవి. ఎస్సీ, ఎస్టీలు, అటవీ హక్కుల పట్టాలున్నవాళ్ళు, ఐదెకరాల లోపు సన్న చిన్న రైతులు అర్హులే. నేను ఆ దారిన పోలేదు, పొరపాటైంది. ఆ దారిన పోతే గ్రామసభ జాబితాలో పేరు, కొలతలు, మంజూరు కాగితం అన్నీ ఉండేవి, ఇవాళ నన్ను ఎవరూ అక్రమం అనేవాళ్ళు కాదు. మొన్న డిసెంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. కొత్తదాంట్లో మన కొట్టాల పని ఏ వరసలో ఉంటుందో కొత్త సర్పంచుల్ని పట్టుకుని అడగండి, వాళ్ళకు తెలవకపోతే మండలంలో అడిగి చెప్పమనండి.

కర్ర గురించి ఒక మాట. కొట్టానికని అడవిలో వాసాలు కొట్టుకొచ్చి కేసులు పడ్డవాళ్ళు మనలో ఉన్నారు. సొంత చేలో చెట్టు కొట్టడానికైనా 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి అడగాల్సి ఉంటుంది. ఇనుప పైపు ఖరీదే గానీ దాని కోసం ఏ చెక్‌పోస్టు దగ్గరా చేతులు కట్టుకోనక్కర్లేదు. చెద కూడా పట్టదు.

మొన్న కనుమ నాడు నేను ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగేసి, మెడలో గంటలు కట్టి కొట్టం ముందు నిలబెట్టాను. గోడ అవతల నుంచి తమ్ముడు ఫోన్ పట్టుకుని ఫోటో తీశాడు. సాయంత్రానికి వాళ్ళ స్టేటస్‌లో నా ఎద్దులు, కింద కనుమ శుభాకాంక్షలు. మా ఆవిడ చూపించి ఒకటే నవ్వు. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. మరుసటి రోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా పార పట్టుకున్నా. కుప్పను దొడ్డి ఆ చివరకు మోయడం మొదలుపెట్టా, ఇప్పటికి సగం అయ్యింది, ఎడ్లబండికి ఎత్తితే పొలానికి నాలుగు బండ్లు పోతాయి. పెద్దమ్మ గోడ మీదుగా చూసి ఏమీ అనలేదు, చెంబుతో మజ్జిగ పంపింది.

నోటీసు మాత్రం అట్లాగే ఉంది. ఈ నెలాఖరులో మా ఊళ్ళో గ్రామసభ పెడతామంటున్నారు. తీర్మానం నా చేతిరాతతో రాసి పెట్టుకున్నా, ఒకటిన్నర పేజీ వచ్చింది. తమ్ముణ్ణి కూడా రమ్మని అడగాలి. సంతకం పెడతాడో లేదో, ముందు కుప్ప పూర్తిగా తీశాక అడుగుతా.